మా ఇంటి ఆడోళ్ళు గట్టిపిండాలు

మా తమ్ముడు నూలు మూట భుజానికెత్తుకుని మిద్దె మెట్లెక్కుతూ పైమెట్టు మీద కూర్చున్నాడు. "ఏమి, అప్పుడే రొప్పొచ్చెనా మొగోనికి?" అని వాడి పెళ్ళాం కింద నుంచి ఎగతాళి చేసింది. వాడు పలకలేదు. పలకకపోయేసరికి ఇంకో మాట అంది. ఆ రెండో మాట ఏమిటో ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పదు. మూట మెట్ల మీద దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికొచ్చింది. మావాడు మాత్రం గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాడు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు.

చావు చెప్పకుండా వచ్చిందనడానికి లేదు. చెప్పే వచ్చింది. అంతకు ముందు ఎండాకాలంలో వాడొకసారి మగ్గం దగ్గర కళ్ళు తిరిగి పడితే నేనే కర్నూలుకు పిలిపించుకుని పెద్దాసుపత్రిలో చూపించాను. నన్నిచ్చింది కర్నూలు. మా పుట్టిల్లు కడప అవతల, ఒంటిమిట్ట పోయే దారిలో నేతగాళ్ళ ఊరు. గుండె డాక్టరు తెర మీద వాడి గుండెను చూపించి, కండరం ఉండాల్సిన దానికంటే మందంగా ఉందన్నాడు. బరువులెత్తొద్దు, పరుగెత్తొద్దు అన్నాడు. ఇది వంశాన వచ్చే జబ్బు, రక్తసంబంధీకులందరూ వచ్చి పరీక్ష చేయించుకోవాలి అన్నాడు. ఆ సంగతి మా నాయనకు చెబితే ఆయన నవ్వాడు. "మందమైతే మంచిదే గదమ్మే. పలచన గుడ్డ చినుగుతాది గానీ మందం గుడ్డ చినుగుతాదా?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

కర్మాంతరాలు అయిపోయాక నేను మా నాయనను లాక్కొచ్చినట్టే లాక్కొచ్చి ఆసుపత్రిలో కూర్చోబెట్టాను. అక్కడొక అమ్మాయి ఉంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. వంశాన వచ్చే జబ్బుల గురించి ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి, ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలో తేల్చడం ఆమె పని. గుండె పరీక్షల గది పక్కనే ఒక పరదా కట్టి ఆమెకు చోటిచ్చారు. పరదా అవతల జనం గోల, ఇవతల ఈమె మెల్లగా మాట్లాడటం. మా నాయనకు అదే నచ్చలేదు. మెల్లగా మాట్లాడేవాళ్ళు ఏదో దాస్తున్నట్టే ఆయన లెక్క.

"మీ వంశంలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళెవరైనా ఉన్నారా, పెద్దాయనా?" అని అడిగింది.

మా నాయన గడగడా చెప్పుకుపోయాడు. "ఉండారమ్మా. మా చిన్నబ్బ బాయిలో ఈదుతా ఈదుతా మునిగిపాయె. ఊరందరికీ ఈత నేర్పినోడే ఆయప్ప. మా పెదనాయన కొడుకు ఒంటిమిట్టలో తేరు లాగుతా తాడు మీదనే పడె. రాముడు పిలుచుకున్నాడంటిమి. ఇప్పుడు నా కొడుకు."

ఆమె కాగితం మీద మగవాళ్ళకు గడులు, ఆడవాళ్ళకు సున్నాలు గీసుకుంటూ పోయినవాళ్ళను నల్లగా నింపింది. గడులు నల్లబడుతున్నాయిగానీ సున్నా ఒక్కటీ నల్లబడలేదు. "ఆడవాళ్ళలో ఎవరూ లేరా?" అంది.

"మా ఇంటి ఆడోళ్ళు గట్టిపిండాలమ్మా. ఒక్కరు గూడా పోల్యా," అన్నాడు మా నాయన, అదేదో తన గొప్పయినట్టు మీసం తుడుచుకుని.

ఆయన అబద్ధం చెప్పలేదు. మా వాళ్ళు చచ్చినవాళ్ళను బట్టలతో గుర్తుపెట్టుకుంటారు. పెద్దల అమావాస్యకు ఇంట్లో పోయినవాళ్ళందరికీ మా మగ్గం మీద నేసిన బట్టే పెట్టాలి. మగవాళ్ళకు పంచ, కోడళ్ళుగా వచ్చి పోయిన ఆడవాళ్ళకు చీర. ఒక్కొక్క బట్టా పెడుతూ పేరు పిలుస్తారు. పిల్లప్పటి నుంచి వినీ వినీ ఆ పేర్లు మాకు ఎక్కాల్లాగా వచ్చు. కానీ మా ఇంట్లో పుట్టి ఇంకో ఇంటికి పోయిన ఆడపిల్ల చస్తే ఆ పేరు మా ఇంట్లో పిలవరు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, ఆ ఇంటి చీర ఆ ఇంటివాళ్ళు పెట్టుకుంటారు. అందుకని మా నాయనను చచ్చినవాళ్ళ పేర్లు చెప్పమంటే బట్టలు పెట్టే వరసలో చెప్పాడు. ఆ వరసలో మా ఇంటి ఆడపిల్లలు ఎప్పుడూ చావరు.

ఆ అమ్మాయి పాపం నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. ఈ జబ్బుకు ఆడా మగా తేడా లేదంది. ఉన్నవాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుందంది. ఇంటిపేరుతో దీనికి పనిలేదంది. మా నాయన తల ఊపాడుగానీ, తన గుండె చూపించుకోను పొమ్మన్నాడు. కడప బస్సు ఎక్కి ఊరు చేరే లోపలే ఆయన నోట అది 'మగోళ్ళ జబ్బు' అయి కూర్చుంది. తమ్ముడి కొడుకును తెచ్చి పరీక్ష చేయించారు, వాడికి అప్పటికి ఏమీ కనపడలేదు. కూతురిని తేలేదు. "ఆడపిల్లకెందుకమ్మే? ఊరికే పేరు చెడగొట్టుకునేదానికా?" అని నామీదనే ఎగిరాడు. సరే, ఆ పిల్ల చిన్నది, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. నా ప్రాణమంతా నా కూతురి మీద ఉండింది.

నా కూతురు పోలీసు ఉద్యోగానికి తయారవుతోంది. డిగ్రీ అయిపోయింది, రాత పరీక్ష గట్టెక్కింది, ఇక పరుగు మిగిలింది. పొద్దున్నే కోచింగు వాళ్ళతో ఓర్వకల్లు దిక్కు పోయి, ఆ రాళ్ళ గుట్టల పక్కన ఖాళీ రోడ్డు మీద పరుగెత్తి వచ్చేది. చెమటతో, దుమ్ముతో, మొహం ఎర్రగా చేసుకుని ఇంట్లోకి వస్తే నాకు కడుపు నిండేది. తమ్ముడు పోయాక అదే మొహం చూస్తే, పరుగెత్తొద్దు అని డాక్టరు తమ్ముడికి చెప్పిన మాట ఒకటే చెవిలో మోగేది.

దాన్ని పరీక్షకు రమ్మంటే రాలేదు. "మగోళ్ళ జబ్బని తాతనే చెప్తాండాడు గదా. నువ్వు నీ తమ్ముని ఏడుపు తెచ్చి నా మీద ఏడుస్తాండావు. ఆసుపత్రికి పోయి లేనిది ఉండాదని రాయించుకుంటే నాకు ఉద్యోగం ఇస్తారా?" అంది. నా మొగుడు చీరల కొట్టు మనిషి, ఏ బేరమూ అక్కడికక్కడ తేల్చడు. "సెలక్షన్లు అయిపోనీ, అప్పుడు చూద్దాం," అన్నాడు.

సరే, ముందు నా సంగతే తేల్చుకుందామని నేనొక్కదాన్నే పోయి పరీక్ష చేయించుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం నాకెప్పటి నుంచో ఉంది, లావయ్యాను గదా అందుకే అనుకునేదాన్ని. లావు కాదు. నా గుండె గోడా మందమే. తమ్ముడంత కాదుగానీ, అదే జబ్బు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త వక్క నములుతూ నన్ను కిందికీ మీదికీ చూసింది. "మగోళ్ళ జబ్బంట గదా, నీకెట్లొచ్చెమ్మే? నువ్వేమన్నా మగరాయనివా?" అంది. ఇంటి ముందరి కొట్టులో పనిచేసే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను పిల్ల మాట ఎత్తగానే ఆమె నవ్వు మానేసింది. "అది మా ఇంటి పిల్ల. మా ఇంటిపేరు, మా గోత్రం. మీ ఇంటి దరిద్రం మా పిల్లకెందుకొస్తాది? నీకుండాదా, నువ్వు మింగు మాత్రలు. దాని జోలికి వస్తే బాగుండదు చెప్తాండా," అంది. పుట్టింట్లో ఆడదానికి రాదన్నారు, అత్తింట్లో గోత్రం మారిందని రాదన్నారు. అందరి తెలివీ కలిసి నా కూతుర్ని ఆ రోడ్డు మీద పరుగెత్తించింది.

నా పరీక్ష అయ్యాక పరదా గదిలో ఆ అమ్మాయి నన్ను మళ్ళీ అడిగింది. "ఆడవాళ్ళలో ఎవరూ లేరంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదమ్మా. జబ్బుతోనే పోయుండక్కర్లేదు. నీళ్ళలో పడి, బండి మీంచి పడి, ఆఖరికి ఎవరో కొట్టి చంపారని చెప్పుకునే వాళ్ళయినా సరే, బాగా ఆలోచించండి," అంది.

కొట్టి చంపారు అనే మాట చెవిన పడగానే గుర్తొచ్చింది. మా మేనత్త. నేను చంకలో పిల్లగా ఉన్నప్పుడు పోయింది. మా నాయనకు ముద్దుల చెల్లెలు. ఆమెను ఆమె మొగుడే తల పగలగొట్టి చంపాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని చావుల్లో లెక్కపెట్టేవాళ్ళం కాదు, పాత పగల్లో లెక్కపెట్టేవాళ్ళం.

ఆ మామ బనగానపల్లె దగ్గర ఎవరిదో మామిడితోటలో కాపలా ఉంటున్నాడని తెలిసి, కొట్టు పని మీద పోతున్నానని ఇంట్లో చెప్పి పోయాను. కాయలు కోసే కాలం. పాకలో వరిగడ్డి మీద కాయలు పరిచి, దెబ్బ తిన్నవి ఏరి పక్కన పెడుతున్నాడు. ఎండిపోయిన మనిషి. నేనెవరో చెప్పాను. ఆయన చేతిలో కాయ కింద పెట్టలేదు.

"మీ నాయన సచ్చినాడా?" అన్నాడు.

"లేదు మామా."

"మరి ఎందుకొచ్చినావు?"

చెప్పాను. తమ్ముడి సంగతి, నా సంగతి, నా కూతురి పరుగు సంగతి, అన్నీ చెప్పాను. ఆయన వింటూ కాయలు ఏరుతూనే ఉన్నాడు. నీళ్ళు కూడా ఇవ్వలేదు. నేను అడగనూ లేదు.

"వీధి పొడుగునా పడుగు నూలు పరిచి గంజి పెడ్తాంటిమి," అన్నాడు ఉన్నట్టుండి. "మబ్బు పట్టె. చినుకు పడె. పడుగు తడిస్తే నూలంతా పోతాదని మీ అత్త ఆ కొసకు లగెత్తినాది. సగం దూరం పోయి నిలబడె. నా దిక్కు చూసె. చూసి, అట్లనే పడె. పడుగు కట్టిన గుంజ నుదుటికి తగిలె. నుదురు పగిలిందాన్ని మీ నాయన చూసినాడు. పడింది ఆయన చూడల్యా, నేను చూసినా. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టల్యా పాపా. బతికుండే మనిషి పడితే చేతులు అడ్డం పెడ్తాది. అది గుంజకు తగిలేలోపలే పోయింది."

"ఈ మాట అప్పుడే చెప్పలేదా మామా?"

"ఎవురికి చెప్పల్ల? మీ నాయనా, ఆయన మనుషులూ నన్ను చెప్పుల దండేసి వీధి తిప్పుతాన్నప్పుడా? పోలీసోళ్ళు బొక్కలో వేసినప్పుడా? కేసు నిలబడల్యా. నిలబడకపోయినా కులపెద్దలు నాకు నూలు ఇయ్యద్దని కట్టడి చేసిరి. నూలు లేనోడు మగ్గం పెట్టుకోని ఏం చేస్తాడు, నెత్తిన కొట్టుకుంటాడా? ఇంకెవురూ నాకు పిల్లనియ్యల్యా. మా అమ్మ నా మొహం చూడకుండానే సచ్చె. నా కొడుకు పెండ్లాన్ని చంపినాడని అదీ నమ్మె."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఏడుపు చూసి కరిగే దశ దాటిపోయాడు. "మా ఇంటికి వచ్చి నా కూతురికి ఈ మాట చెప్పు మామా. మా అత్త, దాని జేజి వినాల, దాని నాయన వినాల. నా మాట ఎవరూ వినడం లేదు," అన్నాను.

"నేనెందుకు చెప్పల్ల?" అన్నాడు. "పరుగెత్తనీ. పడనీ. అప్పుడు మీ నాయనకు తెలుస్తాది. నా నోటితో చెప్పాలంటే మీ నాయన రావల్ల. వచ్చి, నువ్వు చంపల్యా అని నా మొహం మీద చెప్పల్ల."

ఒళ్ళు మండిందిగానీ ఏమనగలను? ఆ మనిషి స్థానంలో నేనుంటే ఇంకా గట్టిగా అనేదాన్ని. తిన్నగా కడప బస్సు ఎక్కి పుట్టింటికి పోయాను.

మా నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. కొడుకు పోయాక మళ్ళీ ఆయనే కూర్చుంటున్నాడు. నేను దాచకుండా అంతా చెప్పాను. పాప పరుగు దగ్గరపడింది, నువ్వు వచ్చి ఒక్క మాట చెబితే ఆయన వచ్చి చెప్తాడు, పిల్ల నీ మాటంటే నిలబడుతుంది అని బతిమాలాను. ఆయన చెయ్యి ఆగలేదు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"నుదురు పగిలిండేది నా కండ్లతో చూసినా," అన్నాడు. "వాడు చంపినాడు."

"పాప పోతాది నాయనా!"

"పాపకేం కాదు. మా ఇంటి ఆడోళ్ళు గట్టిపిండాలు. ఇంగొకసారి వాని పేరెత్తితే నా గడప తొక్కద్దు."

పక్కన పోయిన మా అమ్మ పటం, తమ్ముడి పటం, రెండూ గోడ మీద ఉన్నాయి. చెల్లెలి పటం మా ఇంట్లో లేదు. నేను అన్నం తినకుండా లేచి వచ్చేశాను. నన్ను ఉండమని కూడా అనలేదు.

పరుగు వారంలోకి వచ్చేసింది. నేను పిల్లతో పోట్లాడి, ఏడ్చి, తిట్టి, చివరికి దాని బూట్లు దాచిపెట్టి కూడా చూశాను. అది ఇంకో జత అరువు తెచ్చుకుని పోయింది. ఆ దినం కొట్టు తెరిచి సామ్రాణి పొగ వేస్తుంటే, ముందర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. మామ. చేతిలో సంచి లేదు, మామిడికాయ లేదు, ఏమీ లేదు.

"పాప యాడుండాది?" అన్నాడు.

కూతురు అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మా అత్త ఆయనెవరో తెలుసుకుని, గడపలోనే అడ్డం నిలబడింది. "పెండ్లాన్ని చంపినోడు గదా ఈయప్ప? ఏం పని ఈడ?" అంది మొహం మీదనే.

"ఔమ్మా, వాణ్ణే," అన్నాడు మామ. "చంపినోనికి తెలిసినట్ల చావు సంగతి ఇంగెవురికి తెలుస్తాది? పక్కకు జరుగు." మా అత్త ఆ మాటకు నోరు తెరిచింది తెరిచినట్టే పక్కకు జరిగింది. ఆమె పక్కకు జరగడం నేను చూసింది అదొక్కసారే.

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని నాకు చెప్పిందంతా నా కూతురికి చెప్పాడు. నా మొగుడు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి వినాల్సి వచ్చింది. "మీ తాత కోసరం రాల్యా నేను," అన్నాడు మామ ఆఖర్న. "నిన్న నువ్వు పరుగెత్తేది ఆ రోడ్డు కాడ నిలబడి చూసినా. నా పెండ్లామూ అట్లనే లగెత్తుతాండె. గడ్డం పైకెత్తి. పడుకుంటే కండ్ల ముందర అదే వస్తాండాది. అందుకని వచ్చినా."

నా కూతురు తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. నోటికి ఎంతొస్తే అంత అనే పిల్ల, మెల్లగా, "తాతా, పడకముందు ఆయమ్మకు ఎప్పుడన్నా కండ్లు తిరిగిండెనా?" అని అడిగింది.

"తిరుగుతాండె. నీళ్ళు మోసుకొస్తే గోడ పట్టుకోని నిలబడ్తాండె. నెల తప్పిందేమో అనుకోని మేము సంతోషపడ్తిమి."

అది తువ్వాలును మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాకూ తిరుగుతాయి," అంది తువ్వాలు లోపల నుంచే. "పరుగు అయినాంక. నేను ఎవురికీ చెప్పల్యా. సార్‌కు చెప్తే తీసేస్తాడని."

ఇన్నాళ్ళూ దాచింది! కన్నతల్లిని, పక్కలో పడుకుంటున్నాను, నాకు తెలియదు. అప్పుడు దాన్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆటో పిలిచాను.

పరీక్ష చేసే గదిలో ఆ జెల్లీ రాసి యంత్రం పెట్టి చూస్తుంటే, తెర మీద నా బిడ్డ గుండె కొట్టుకోవడం చూశాను. డాక్టరు మొహం చూస్తే చాలు, చదువుకోనక్కర్లేదు. తమ్ముడి గుండె ఎట్లా ఉండిందో ఇదీ అట్లాగే ఉంది. నాకంటే మందం. ఇక పరుగు లేదు. మాత్రలు, మళ్ళీ మళ్ళీ పరీక్షలు, అవసరమైతే గుండె ఆగకుండా కాపాడే చిన్న యంత్రం ఛాతీలో పెట్టించుకోవడం. పరుగు లేకపోతే ఆ ఉద్యోగమూ లేదు. అన్నీ పది మాటల్లో అయిపోయాయి.

పరదా గదిలో ఆ అమ్మాయి మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, ఎవరూ ఎవరినీ తప్పుపట్టొద్దు, ఎవరూ కావాలని ఇచ్చేది కాదు ఇది, రంగు ఇచ్చినట్టు, ముక్కు ఇచ్చినట్టు తెలియకుండానే పోతుంది అని చెప్పింది. అంతా విని మా అత్త, "అంటే మా కోడలు తెచ్చిందే గదమ్మా?" అంది. నా కూతురు నా దిక్కు చూడకుండా, "నన్ను కన్నదీ నువ్వే, ఇది ఇచ్చిందీ నువ్వే," అంది. పుండు మీద కారం చల్లడంలో జేజీ మనవరాలూ ఒకటే. బతికుంటే చాలు, నన్ను ఏమన్నా అననీ అనుకున్నాను.

మామ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అందరూ లేచాక లోపలికి వచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడ్డాడు. "అమ్మా, నేను నా పెండ్లాన్ని చంపల్యా అని ఆసుపత్రోళ్ళు ఏమన్నా రాసిస్తారా?" అని అడిగాడు.

దహనం చేసిన మనిషికి ఏ పరీక్షా చెయ్యలేమనీ, రాసివ్వడానికి కుదరదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. ఆయన తల ఊపి, "పోనీ నోటి మాటగా అన్నా చెప్పు," అన్నాడు.

"మీరు చెప్పినవన్నీ చూస్తే ఆవిడ ఈ జబ్బుతోనే పోయారని నేను అనుకుంటున్నాను. మీరు చంపలేదు."

"ఇంగొకసారి చెప్పమ్మా, గట్టిగా. ఈ చెవి వినపడదు. వీళ్ళ నాయన కొట్టినప్పుడు పోయింది."

ఆమె లేచి వచ్చి, ఆయన రెండో చెవి దగ్గర, పరదా అవతలి జనానికి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది. ఆయన విని, పంచ దులుపుకుని, బనగానపల్లె బస్సుకు పోయాడు. నేను వెంట పరుగెత్తలేదు. పరుగెత్తకూడదని నాకూ చెప్పారు గదా.

ఆ తర్వాత మా నాయన రాక తప్పలేదు. తమ్ముడి కూతుర్ని కూడా చూపించాలి, జబ్బు ఏ దిక్కు నుంచి వచ్చిందో తేలాలి అని ఆ అమ్మాయే ఫోను చేసి పిలిపించింది. పిల్లను ఇంకో దినం వాళ్ళమ్మ తెస్తానంది, ముందు ఆయన గుండె చూశారు. మందమే. కొందరిలో ఇది ముసలితనం దాకా ఏమీ చెయ్యకుండా ఊరుకుంటుందట. ఆయనను వదిలేసి ఆయన చెల్లెల్ని, కొడుకును తీసుకుపోయింది. ఆయనకూ మాత్రలు రాసిచ్చారు. బయట బస్టాండు పోయే ఆటో కోసం నిలబడి, నేనూ నా కూతురూ ఆయనకు చెరోపక్క ఉన్నాం.

"మామ కాడికి పోదాం రా నాయనా. ఒక్క మాట చెప్పు. ఆయన బతికుండంగనే చెప్పు," అన్నాను.

"వాడు చంపినాడనే ఇన్నేండ్లు బతికినా," అన్నాడు. "వాడు చంపల్యా అంటే, అది మా నెత్తురులోదే అంటే, నా కొడుకును నేను చంపినట్లే గదమ్మే? చెప్పు. నేను చంపినానా?"

ఎవరూ ఎవరినీ తప్పుపట్టొద్దని ఆ అమ్మాయి చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు. ఆయన నా మొహంలోకి చూస్తూ ఆ మాటల కోసమే కాచుకుని ఉన్నాడు. నా కూతురు కూడా నా దిక్కే చూస్తోంది.

"తమ్ముణ్ణి నువ్వు చంపల్యా నాయనా," అన్నాను. "నీకు తెలీదు. కానీ నేను ఇంటికొచ్చి, పాప పోతాదని కాళ్ళావేళ్ళా పడితే నువ్వు నాడె ఆపల్యా. అప్పటికి నీకు తెలుసు. పాపను మాత్రం తెలిసే పంపుతాంటివి."

ఆ మాటను నేను ఈరోజుకీ వెనక్కి తీసుకోలేదు, తీసుకోను కూడా. ఆటో వచ్చింది. బస్టాండులో కడప బస్సు ఎక్కించాం. నా కూతురు కిటికీ కిందికి పోయి, "తాతా, సగం మాత్ర పొద్దున, సగం రాత్రి. మర్సిపోవద్దు. నేనూ అదే వేసుకుంటాండా," అంది.